ప్రతికణం దొరికిందంటే ఎంతవరకు నమ్మాలి? సిగ్మా లెక్క మీరే వేసుకునే పద్ధతి

యాంటీమ్యాటర్ (ప్రతికణాలతో, అంటే మామూలు కణాలకు అంతే బరువుండి ఆవేశం ఎదురుగా ఉండే జోడీలతో ఏర్పడే పదార్థం) మీద ఏ కొత్త ఫలితం వచ్చినా దాని వెనక ఒక అంకె ఉంటుంది. 3 సిగ్మా అంటారు, 5 సిగ్మా అంటారు (ఒక సిగ్మా అంటే కాకతాళీయంగా వచ్చే మామూలు ఊగిసలాట ఎంతో ఆ కొలత), లేదా 0.0003 సంభావ్యత అంటారు. అది చూడగానే "అయితే 99.97 శాతం నిజమేనన్నమాట" అనుకుంటాం. చదువుకున్నవాళ్లు కూడా తరచూ చేసే పొరపాటు ఇదే. ఆ అంకె చెప్పేది ఒక్కటే: కొత్తది ఏమీ లేకపోయినా, ఉత్త కాకతాళీయంగా ఇంత పెద్ద తేడా ఎన్నిసార్లకు ఒకసారి కనిపిస్తుంది అని. అది నిజమయ్యే అవకాశం ఎంత అన్నది వేరే ప్రశ్న, దానికి వేరే లెక్క ఉంది. రెండూ ఇక్కడ వేద్దాం.

కావలసినవి: సైంటిఫిక్ కాలిక్యులేటర్ లేదా స్ప్రెడ్‌షీట్, కాగితం, ఫలితాన్ని ప్రకటించిన అసలు పేపర్. వార్తతో పని జరగదు. వార్తలో సిగ్మా ఒక్కటే ఉంటుంది, దాని కింద ఉండే బ్యాక్‌గ్రౌండ్ అంకె (కొత్తది ఏమీ లేకపోయినా మామూలు సంగతుల వల్లే ఎన్ని సంఘటనలు రావాలో ఆ అంచనా) ఉండదు. పేపర్ మొదట్లో ఉండే సారాంశంలోనే మనకు కావలసినవి చాలావరకు దొరుకుతాయి.

1. ముందు వేషగాళ్ల జాబితా రాయండి

మీరు వెతికే కణంలాగే కనిపించగల మామూలు సంగతులన్నీ కాగితం మీద పెట్టండి. సిగ్మా లెక్కకంటే ముందు చేయాల్సిన పని ఇది, ఎక్కువమంది దాటేసేదీ ఇదే.

1932లో కార్ల్ ఆండర్సన్ పాజిట్రాన్‌ను (ఎలక్ట్రాన్ ప్రతికణం) పట్టుకున్నది ఇలాగే. అయస్కాంత క్షేత్రంలో పెట్టిన క్లౌడ్ చాంబర్‌లో (కణం వెళ్లిన దారి ఆవిరి చారలా కనిపించే పెట్టె) ఒక జాడ ధనావేశ కణంలాగా వంగింది. అది ఎదురు దిక్కు నుంచి వచ్చిన మామూలు ఎలక్ట్రాన్ కూడా కావచ్చు, ఎందుకంటే జాడను చూసి కణం ఎటు నుంచి ఎటు వెళ్లిందో చెప్పలేం. అందుకే ఆయన చాంబర్ మధ్యలో 6 మిల్లీమీటర్ల సీసపు పలక అమర్చాడు. పలకలోంచి దూరిన కణం శక్తి పోగొట్టుకుంటుంది, శక్తి తగ్గితే వంపు పెరుగుతుంది. కాబట్టి ఎక్కువ వంపు ఉన్న వైపే కణం బయటికి వచ్చిన వైపు. ఆ ఫోటోలో ఒక వైపు శక్తి 6.3 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు, రెండోవైపు 2.3 కోట్లు. దిక్కు తేలిపోయింది, ఆవేశం ధనమని కూడా తేలింది.

మరి ప్రోటాన్ కావచ్చు కదా? అంత వంపు తిరిగే ప్రోటాన్ దాదాపు 5 మిల్లీమీటర్లకే ఆగిపోవాలి. ఈ జాడ 5 సెంటీమీటర్లు దాటి సాగింది. పలకలోంచి రెండు కణాలు ఒకేసారి బయటపడి, ఒకే జాడలా వరుసగా అమిరి ఉండొచ్చు కదా? ఆండర్సన్ దాన్నీ జాబితాలో పెట్టుకుని, అలా కుదరడం మరీ అసంభవమని పక్కన పెట్టాడు. దాదాపు 1300 ఫోటోల్లో అలాంటి ధనావేశ జాడలు 15 కనిపించాయని రాశాడు. ఆ పేపర్‌లో సిగ్మా అన్న మాటే లేదు. వేషగాళ్లలో ఒక్కడూ మిగలకపోతే ఒక్క ఫోటో కూడా చాలా దూరం వస్తుంది.

2. సాక్షులు నిజంగా విడివిడివాళ్లేనా చూడండి

ఒక్కో పరికరం వెయ్యిసార్లకు ఒకసారి మోసపోతుందనుకుందాం. మూడు పరికరాలు ఒకేసారి మోసపోవాలంటే 1000 × 1000 × 1000, అంటే వంద కోట్లకు ఒకసారి. ఈ గుణకారం మూడూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా మోసపోయినప్పుడే చెల్లుతుంది. ఒకే విద్యుత్ సరఫరా, ఒకే గడియారం మీద నడిచేవాటిని మూడుగా లెక్కపెట్టకూడదు, అవి ముగ్గురు సాక్షులు కారు.

1955లో బర్క్‌లీలోని బెవట్రాన్ అనే కణత్వరణ యంత్రంలో యాంటీప్రోటాన్‌ను (ప్రోటాన్ ప్రతికణం) వెతికినప్పుడు అసలు సమస్య పయాన్‌లు, అంటే ప్రోటాన్‌కంటే బాగా తేలికైన మామూలు కణాలు. అయస్కాంతాలు ఒకే ద్రవ్యవేగం ఉన్న రుణావేశ కణాలన్నిటినీ ఒకే దారిలో పంపాయి. వాటిలో పదుల వేల పయాన్‌లకు ఒక్క యాంటీప్రోటాన్. ద్రవ్యవేగం ఒకటే కాబట్టి బరువైనది నెమ్మదిగా వెళ్లాలి. ఎంత నెమ్మదిగానో మీరే లెక్కపెట్టుకోవచ్చు. ద్రవ్యవేగం 1.19, ప్రోటాన్ ద్రవ్యరాశి 0.938 (రెండూ గిగా ఎలక్ట్రాన్ వోల్టుల లెక్కలో). వర్గాలు కలిపితే 1.416 + 0.880 = 2.296. వర్గమూలం 1.515. ఇది మొత్తం శక్తి. 1.19ని 1.515తో భాగిస్తే 0.785, అంటే కాంతివేగంలో 78 శాతం పైచిలుకు. దాదాపు 12 మీటర్ల దూరానికి యాంటీప్రోటాన్‌కు 51 నానోసెకన్లు పడుతుంది. పయాన్ దాదాపు కాంతివేగంతో పోతుంది కాబట్టి 40 చాలు.

తేడా 11 నానోసెకన్లు. ఇది చాలదా? చాలదు. ఒక పయాన్ మొదటి కౌంటర్‌ను తట్టి పక్కకు పోయి, సరిగ్గా 11 నానోసెకన్ల తర్వాత మరో పయాన్ రెండో కౌంటర్‌ను తట్టిందంటే గడియారం మోసపోతుంది. పదుల వేల పయాన్‌ల మధ్య ఇది అరుదేమీ కాదు. అందుకే వేగాన్ని వేరే భౌతిక సూత్రంతో కొలిచే చెరెంకోవ్ కౌంటర్లు కూడా పెట్టారు. గడియారం మోసపోయే కారణం వేరు, చెరెంకోవ్ మోసపోయే కారణం వేరు. కాబట్టి ఇక్కడ గుణకారం న్యాయమైనదే. మొదటి పేపర్‌కు 60 యాంటీప్రోటాన్‌లు సరిపోయాయి.

ఇదే చిక్కు కళాశాల ప్రయోగశాలలోనూ ఎదురవుతుంది. సోడియం-22 నుంచి వచ్చే పాజిట్రాన్ ఎలక్ట్రాన్‌తో కలిసి అంతమైతే 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు రెండు, ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో వస్తాయి. ఎదురెదురుగా రెండు డిటెక్టర్లు పెట్టి, రెండూ ఒకేసారి మోగినప్పుడు లెక్కపెడతారు. వట్టినే జతపడేవాటి రేటుకు సూత్రం: 2 × విండో సమయం × మొదటి రేటు × రెండో రేటు. విండో 100 నానోసెకన్లు, ఒక్కో డిటెక్టర్ సెకనుకు 1000 దెబ్బలు అయితే సెకనుకు 0.2, పది నిమిషాల్లో 120 దొంగ జతలు. సోర్స్‌ను దగ్గరికి జరిపి రెండు రేట్లనూ రెట్టింపు చేస్తే దొంగ జతలు నాలుగు రెట్లవుతాయి, నిజమైనవి అలా పెరగవు.

సూత్రాన్ని నమ్ముకోవడం కంటే కొలవడం మేలు. ఒక డిటెక్టర్ సిగ్నల్‌ను 1 మైక్రోసెకను ఆలస్యం చేసి లెక్కపెట్టండి. అప్పుడు నిజమైన జతలేవీ కలవవు, వచ్చేవన్నీ దొంగవే. డిటెక్టర్‌ను 90 డిగ్రీలకు తిప్పి అదే బ్యాక్‌గ్రౌండ్ అనుకోవడం కొందరికి అలవాటు. సోడియం-22 పాజిట్రాన్‌తోపాటు 1.275 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల గామా కూడా వదులుతుంది. దానితో కలిసిన నిజమైన జతలు 90 డిగ్రీల దగ్గరా పడతాయి. శక్తి విండో 511 చుట్టూ బిగించకపోతే ఆ తప్పు లోపలికి వచ్చేస్తుంది.

3. బ్యాక్‌గ్రౌండ్ ఎంతో, అది ఎంత ఖచ్చితమో రాసుకోండి

పై ప్రయోగంలో దొంగ జతలు 120 అని తేలింది, పది నిమిషాల్లో మొత్తం 150 వచ్చాయి. అదనం 30. లెక్కపెట్టిన సంఖ్య దాదాపు తన వర్గమూలమంత ఊగుతుంది, అదే ఒక సిగ్మా. 120 వర్గమూలం దాదాపు 11 కాబట్టి 30/11 = 2.7 సిగ్మా అని రాసేస్తారు. ఆగండి. ఆ 120ని కూడా పది నిమిషాలే కొలిచారా? అయితే దానికీ ఊగిసలాట ఉంటుంది. 150 + 120 = 270, వర్గమూలం 16.4, 30ని దానితో భాగిస్తే 1.8 సిగ్మా. మూడో వంతు గొప్ప అక్కడే పోయింది. బ్యాక్‌గ్రౌండ్‌ను వంద నిమిషాలు కొలిచి పదో వంతు తీసుకుంటే మళ్లీ 2.4 దాకా వస్తుంది. సిగ్నల్‌కు కేటాయించిన సమయంతో సమానంగానైనా బ్యాక్‌గ్రౌండ్‌కు కేటాయించని ప్రయోగాన్ని చూస్తే అనుమానపడటంలో తప్పులేదు.

4. కొద్ది సంఘటనలైతే పాయిజాన్ లెక్క వేయండి

సంఖ్యలు చిన్నవైనప్పుడు వర్గమూలం అబద్ధం చెబుతుంది. బ్యాక్‌గ్రౌండ్ సగటున 3 రావాలి, 9 కనిపించాయి అనుకోండి. వర్గమూలం పద్ధతిలో 6/1.73 = 3.5 సిగ్మా వస్తుంది. అసలు లెక్క చేతితోనే వేయండి, పది వరుసలు కూడా పట్టదు.

ఇ పవర్ మైనస్ 3 నొక్కండి: 0.04979. ఇది సున్నా సంఘటనలు వచ్చే సంభావ్యత. దాన్ని 3/1తో గుణిస్తే ఒకటి వచ్చేది, దాన్ని 3/2తో గుణిస్తే రెండు వచ్చేది, తర్వాత 3/3, 3/4 అలా 3/8 దాకా. వరుసగా 0.04979, 0.14936, 0.22404, 0.22404, 0.16803, 0.10082, 0.05041, 0.02160, 0.00810. మొత్తం 0.99619. ఇది ఎనిమిది లేదా అంతకంటే తక్కువ వచ్చే సంభావ్యత. 1 నుంచి తీసేస్తే 0.0038. అంటే 263 సార్లకు ఒకసారి, 2.7 సిగ్మా కంటే కాస్త తక్కువ. వర్గమూలం చెప్పిన 3.5 సిగ్మాకు సంభావ్యత దీనికంటే పద్నాలుగు రెట్లు చిన్నది. అంత తేడా ఉంది.

స్ప్రెడ్‌షీట్ పాయిజాన్ ఫంక్షన్‌లో 8, 3, ట్రూ అని ఇచ్చి, వచ్చినదాన్ని 1 నుంచి తీసేయండి. 9 కాదు, 8 ఇవ్వాలి. తొమ్మిది "లేదా అంతకంటే ఎక్కువ" మనకు కావాలి కాబట్టి తొమ్మిదిని కూడా మిగుల్చుకోవాలి. 9 ఇస్తే 0.0011 వస్తుంది, 263కి ఒకటి కావలసింది 900కి ఒకటై కూర్చుంటుంది. ఈ పొరపాటు అచ్చైన లెక్కల్లోనూ దొర్లుతుంది.

ఇప్పుడు బ్యాక్‌గ్రౌండ్ 3 కాక 4 అనుకుని అదే లెక్క మళ్లీ వేయండి. 0.021 వస్తుంది, 47 సార్లకు ఒకసారి. ఒక్క సంఘటన తేడాకు ఇంత దిగిపోయింది. పేపర్‌లో "3, తప్పు 1 అటూ ఇటూ" అని ఉంటే ఈ రెండో లెక్క వేయకుండా ముందుకు వెళ్లకండి.

5. సిగ్మాకు మార్చుకోండి

ఒక వైపు తోక లెక్కలో (తేడా ఒక్క దిక్కునే, అంటే ఎక్కువ వైపే, వచ్చే అవకాశం లెక్కపెడితే) 2 సిగ్మా అంటే 44 సార్లకు ఒకటి, 3 అంటే 740కి, 4 అంటే సుమారు 31,500కి, 5 అంటే 35 లక్షలకు ఒకటి. రెండువైపులా లెక్కపెడితే ఒక్కోదానికీ అవకాశం రెట్టింపు: 3 సిగ్మాకు 370కి ఒకటి, 5 సిగ్మాకు దాదాపు 17 లక్షల 40 వేలకు ఒకటి. అదనపు సంఘటనల కోసం వెతికేటప్పుడు ఒక వైపే సరి. పదార్థానికీ ప్రతిపదార్థానికీ తేడా ఉందా అని వెతికేటప్పుడు తేడా ఎటైనా ఉండొచ్చు కాబట్టి రెండు వైపులూ తీసుకోవాలి. కణభౌతికంలో 3 దాటితే "ఆధారం", 5 దాటితే "ఆవిష్కరణ" అనడం రివాజు. 5 అన్నది ప్రకృతి నియమం కాదు, చేతులు కాలాక పెట్టుకున్న కట్టుబాటు.

6. ఎన్నిచోట్ల వెతికారో అడగండి

మన 0.0038నే తీసుకుందాం. పరిశోధకులు ఒక్కచోటే చూశారా, వంద గడులున్న గ్రాఫ్‌లో ఎక్కడైనా లేస్తుందేమోనని చూశారా? వంద గడులైతే, కనీసం ఒక గడిలో ఇలాంటి దిబ్బ ఉత్తపుణ్యానికే లేచే సంభావ్యత 1 − 0.9962 పవర్ 100, అంటే సుమారు 32 శాతం. మూడు గ్రాఫ్‌లు చూస్తే ఒకదాంట్లో ఉండటం మామూలే.

2015 డిసెంబర్‌లో యూరప్‌లోని కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో అట్లాస్, సీఎంఎస్ ప్రయోగాలు రెండూ 750 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఫోటాన్ జతల్లో ఒక దిబ్బ చూపించాయి. అట్లాస్‌లో ఆ ఒక్కచోటు లెక్కలో 3.6 సిగ్మా, వెతికిన చోట్లన్నీ కలుపుకుంటే 2 సిగ్మా. కుప్పలుతెప్పలుగా సిద్ధాంత పేపర్లు వచ్చాయి. 2016 ఆగస్టుకు మరింత డేటా చేరగానే దిబ్బ కరిగిపోయింది. ఎవరూ తప్పు కొలవలేదు. పేపర్‌లో "లోకల్", "గ్లోబల్" అని రెండు విలువలుంటే రెండోదే మీది. ఒక్కటే ఉండి, అది ఏదో రాయకపోతే లోకల్ అనుకుని చదవండి.

దీనికి తోబుట్టువు లాంటి తప్పు ఇంకొకటి. డేటా చూశాక వడపోత నియమాలు మార్చడం. ఒక నియమాన్ని కొంచెం సడలించి రెండు సంఘటనలు కలుపుకోవడం ఎంత తేలికో, అది సిగ్మాలో ఎక్కడా కనిపించకపోవడం కూడా అంతే సహజం. అందుకే మంచి ప్రయోగాల్లో సిగ్నల్ ఉండాల్సిన చోటును కప్పిపెట్టి, నియమాలన్నీ ఖరారయ్యాకే తెరుస్తారు. పేపర్‌లో "బ్లైండ్" అన్న మాట కోసం వెతకండి.

7. విలువ, తప్పు ఇచ్చినచోట భాగించి చూడండి

2025లో సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగం లాంబ్డా-బి బేరియాన్ అనే కణానికీ దాని ప్రతికణానికీ క్షయంలో తేడా ఉందని చెప్పింది. తేడా 2.45 శాతం, గణాంక దోషం (డేటా పరిమితంగా ఉండటం వల్ల వచ్చే ఊగిసలాట) 0.46, క్రమదోషం (పరికరం, పద్ధతి వల్ల వచ్చే తప్పు) 0.10. రెండు దోషాల వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 0.47. 2.45 భాగించు 0.47, 5.2 సిగ్మా. వాళ్లు చెప్పిందీ అదే.

2023లో సెర్న్‌లోని ఆల్ఫా-జి ప్రయోగం యాంటీహైడ్రోజన్‌ను (యాంటీప్రోటాన్, పాజిట్రాన్ కలిసిన ప్రతిపరమాణువు) కింద పడనిచ్చింది. త్వరణం భూమి గురుత్వంలో 0.75 వంతు, దోషాలు 0.13, 0.16. కలిపితే 0.206. ఇక్కడ ఏ ప్రశ్న అడుగుతున్నారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. పైకి పడుతుందా, అంటే మైనస్ 1? 1.75/0.206 = 8.5 సిగ్మా దూరం, ఆ మాట ముగిసింది. అసలు గురుత్వమే పనిచేయదా, అంటే సున్నా? 3.6 (పేపర్‌లో జాగ్రత్తగా వేసిన లెక్క 0.00029, 3.4 సిగ్మా). మామూలు పదార్థంలాగే 1తో పడుతుందా? తేడా 0.25, అంటే 1.2 సిగ్మా. ఇది తేడా ఉందనడానికీ చాలదు, సరిగ్గా సమానమనడానికీ చాలదు. "యాంటీమ్యాటర్ 25 శాతం నెమ్మదిగా పడుతుంది" అన్న శీర్షిక చూస్తే ఈ 1.2ని గుర్తుచేసుకోండి.

3 సిగ్మా దగ్గర ప్రకటించిన విలువ ఎక్కువగా ఊదిపోయి ఉంటుంది, ఎందుకంటే గీత దాటినవే ప్రకటనకు నోచుకుంటాయి. ఎల్‌హెచ్‌సీబీ 2011లో చార్మ్ మెసాన్‌లు అనే కణాల్లో పదార్థానికీ ప్రతిపదార్థానికీ తేడా మైనస్ 0.82 శాతం అంది, 3.5 సిగ్మా. 2019లో 5.3 సిగ్మాతో ఖరారైన విలువ మైనస్ 0.154 శాతం. తేడా ఉన్నమాట నిజమే, పరిమాణం మాత్రం అయిదో వంతుకు దిగింది.

8. క్రమదోషాన్ని విడిగా తూచండి

డేటా నాలుగు రెట్లయితే గణాంక దోషం సగమవుతుంది. క్రమదోషం కదలదు. వదులైన కేబుల్‌కు ఎంత డేటా పోసినా అది బిగుసుకోదు. 2011 సెప్టెంబర్‌లో ఒపేరా ప్రయోగం న్యూట్రినోలు 730 కిలోమీటర్ల దూరంలో కాంతికంటే సుమారు 60 నానోసెకన్లు ముందొచ్చాయంది, 6 సిగ్మాతో. 2012లో బయటపడిన ప్రధాన కారణం సరిగా బిగించని ఫైబర్ కనెక్టర్. ఆ 6 సిగ్మా లెక్కలో తప్పులేదు, అది తెలిసిన దోషాలకు మాత్రమే లెక్క. కాబట్టి 5 సిగ్మా దాటాక సిగ్మా పెరిగిందని సంతోషపడటం దండగ, వేరే పరికరంతో వేరే బృందం ఏం చూసిందన్నదే చూడాలి.

9. ఇప్పుడు "నిజమేనా?" అన్న లెక్క

ఎవరూ ఊహించని వింతకణాల కోసం వెయ్యి వెతుకులాటలు జరిగాయనుకోండి. వాటిలో ఒక్కటే నిజం. నిజాన్ని మన పద్ధతి 80 శాతం పట్టుకుంటుంది: 0.8. మిగతా 999 వట్టివి, 0.0038 చొప్పున 3.8 అబద్ధపు గంటలు మోగుతాయి. గంట మోగినప్పుడు అది నిజమయ్యే అవకాశం 0.8/4.6, అంటే 17 శాతం.

ఇప్పుడు సిద్ధాంతం గట్టిగా చెప్పినదాన్ని వెతుకుతున్నామనుకోండి, యాంటీప్రోటాన్‌లాగా. 1928లో డిరాక్ సమీకరణం వచ్చింది, 1932లో పాజిట్రాన్ దొరికింది, ఇక ప్రోటాన్‌కూ జోడీ ఉండాలని చాలామంది నమ్మారు. వెయ్యిలో 500 నిజమని పెడితే 400 సరైన గంటలు, 1.9 అబద్ధపువి. 99.5 శాతం. అదే 0.0038, అదే పరికరం, జవాబు మాత్రం ఒకచోట 17, ఒకచోట 99.5. ముందు అంచనాకు మీరు పెట్టే అంకె మీ ఇష్టమే, కానీ కాగితం మీద రాయండి. రాయకుండా మనసులో పెట్టుకునే అంకె వాదన నడిచేకొద్దీ జారుతుంది.

10. ఏమీ దొరక్కపోతే

సున్నా కూడా ఫలితమే. బ్యాక్‌గ్రౌండ్ లేని వెతుకులాటలో సున్నా సంఘటనలు కనిపిస్తే, 95 శాతం నమ్మకంతో అసలు సగటు 3 కంటే ఎక్కువ కాదని చెప్పవచ్చు. సగటు 3 ఉంటే సున్నా రావడం ఇందాకటి 0.0498 కదా, సరిగ్గా 5 శాతం దగ్గర. పది లక్షల హీలియం కేంద్రకాలు పరిశీలించి ఒక్క యాంటీహీలియం కూడా కనిపించకపోతే, పరిమితి పది లక్షలకు 3. డిటెక్టర్ నలభై శాతమే పట్టుకోగలిగితే 3ని 0.4తో భాగించి 7.5 అని రాయాలి. ఆ సామర్థ్యాన్ని యాంటీహీలియానికి విడిగా అంచనా వేశారా, హీలియం అంకెనే వాడేశారా అన్నది చూసుకోండి. ప్రతికేంద్రకం డిటెక్టర్ గోడల్లోని పదార్థంతో కలిసి అంతమైపోయే అవకాశం ఎక్కువ. హీలియం సామర్థ్యాన్నే పెడితే పరిమితి ఉన్నదానికంటే గట్టిగా కనిపిస్తుంది.